బాలి వెళ్తున్నారా? కడుపు జాగ్రత్త

బాలిలో టూరిస్టులకు పట్టుకునే విరేచనాలకు ఒక ముద్దుపేరు ఉంది: బాలి బెల్లీ. పేరు ముద్దుగానే ఉంటుంది కానీ ఐదు రోజుల టూరులో రెండు రోజులు బాత్రూముకే పోతాయి. మేం వెళ్లినప్పుడు రోడ్డు పక్క తిండికి భయపడి నలుగురం హోటల్లోనే తిన్నాం. ముగ్గురం జబ్బు పడ్డాం. నా అనుమానం బఫేలో పొద్దుటి నుంచి గోరువెచ్చగా కూర్చున్న నూడుల్స్ మీదే.

అందుకే ఏసీ ఉందా, టేబుల్ మీద తెల్లగుడ్డ పరిచారా అని చూడకండి. పదార్థం పొయ్యి దిగి ఎంతసేపైందో చూడండి. వారుంగ్ అనే చిన్న హోటళ్లలో మీ కళ్ల ముందే పెనంలో వేయించి, పొగలు కక్కుతూ ఇచ్చే నాసి గోరెంగ్ (ఫ్రైడ్ రైస్) చాలా బఫేల కన్నా నయం. అదే వారుంగ్‌లో అద్దాల బీరువాలో పేర్చిన కూరలతో వడ్డించే అన్నం, నాసి చాంపుర్ అయితే, వండిన కాసేపటికే తినాలి. సాయంత్రం వద్దు. పచ్చి ఉల్లి, మిర్చి తరిగి కలిపే సంబల్ మతాహ్ మన నోటికి భలే నచ్చుతుంది. కానీ అది వండనిది. కారం క్రిముల్ని చంపదు. హైదరాబాద్ పానీపూరీ అరిగించుకున్న కడుపు కదా అని ధీమా పడొద్దు, అక్కడి క్రిములు మన కడుపుకు కొత్త.

రాత్రి మిగిలిన ఫ్రైడ్ రైస్‌ను రూములో ఉంచి పొద్దున తినే అలవాటు మానుకోండి. అన్నంలో ఉండే బాసిల్లస్ సీరియస్ అనే బ్యాక్టీరియా బీజాలు ఉడికించినా చావవు. బయట పెట్టిన అన్నంలో అవి మొలకెత్తి వదిలే విషం మళ్లీ వేడి చేసినా పోదు.

కుళాయి నీళ్లు తాగొద్దు, పళ్లు తోముకోవడానికి కూడా సీసా నీళ్లే. ఐస్ విషయంలో, మధ్యలో రంధ్రం ఉన్న గొట్టం ముక్కలు మామూలుగా ఫ్యాక్టరీవి. దిమ్మ పగలగొట్టి వేసేది వద్దనండి. స్థానిక సారా ‘అరాక్’ జోలికి అసలు పోవద్దు. అందులో మిథనాల్ అనే విషపు ఆల్కహాల్ కలిసి ప్రాణాలు పోయిన సందర్భాలున్నాయి. తాగాక చూపు మసకబారితే తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి వెళ్లాలి.

బ్యాగులో ఓఆర్‌ఎస్ తప్పనిసరి. పేరు చూసి పండ్ల రసం రుచి డబ్బాలు కొనకండి. హైదరాబాద్ పిల్లల డాక్టర్ శివరంజని సంతోష్ ఏళ్ల తరబడి పోరాడాక, 2025 అక్టోబరులో మన ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ అలాంటి డ్రింకుల పేర్లలో ‘ఓఆర్‌ఎస్’ అన్న మాట వాడొద్దంది. డబ్ల్యూహెచ్‌ఓ ఫార్ములా అని రాసిన, లీటరు నీళ్లలో కలిపే 20.5 గ్రాముల ప్యాకెట్ తీసుకోండి. అది లేకపోతే లీటరు శుభ్రమైన నీళ్లకు 6 టీస్పూన్ల చక్కెర, అర టీస్పూను ఉప్పు. కొలత తప్పకూడదు, ఉప్పు ఎక్కువైతే పిల్లలకు ప్రమాదం.

మన ఇళ్లలో మోషన్స్ అనగానే నార్‌ఫ్లాక్స్ అనే యాంటీబయాటిక్ మింగేస్తాం. ఆ కుటుంబం మందులకు ఆగ్నేయాసియాలో చాలా క్రిములు లొంగడం లేదు. యాంటీబయాటిక్ ఏది వాడాలో వెళ్లే ముందే డాక్టర్ని అడిగి చీటీ రాయించుకోండి. విరేచనాలు కట్టేసే లోపెరమైడ్ విమానం ఎక్కాల్సిన రోజున పెద్దవాళ్లకు పనికొస్తుంది కానీ జ్వరం ఉన్నా, రక్తం పడినా వేసుకోకూడదు. చిన్నపిల్లలకు అసలు వద్దు.

రక్తం పడినా, నీళ్లు కూడా కడుపులో నిలవకపోయినా, మూత్రం తగ్గినా, పసివాళ్లు మగతగా ఉన్నా వెంటనే ఆస్పత్రి. ఇన్సూరెన్స్ వాళ్ల నంబరు ఫోన్లో ఉంచుకోండి, బిల్లులు పారేయొద్దు. టైఫాయిడ్ టీకా అయితే ప్రయాణానికి కనీసం 2 వారాల ముందే వేయించుకోవాలి. తిరిగొచ్చిన నెలలోపు జ్వరం వస్తే, డాక్టర్ అడగకపోయినా బాలి వెళ్లొచ్చామని మీరే చెప్పండి.