గ్రాంటు దరఖాస్తు – 4వ పాఠం: ప్రమాదాలు సగానికి తగ్గిస్తామని రాయకండి

ఈసారి బడ్జెట్ చెప్పాల్సింది. చెప్పడం లేదు. పోయిన పాఠం చివర ఒక్క పేజీ రాసి పంపమన్నాను: మీ చోట పనివాళ్లకు జరుగుతున్న హాని ఏమిటి, గ్రాంటు వస్తే దానిలో ఏం మారుతుంది. మహారాష్ట్రలోని రాజురా, బల్లార్షా, సిరొంచ, ధర్మాబాద్, దెగ్లూర్ నుంచి పేజీలు వచ్చాయి. మొదటి సగం చాలామంది బాగానే రాశారు. రెండో సగానికి వచ్చేసరికి దాదాపు అందరిదీ ఒకటే వాక్యం: "ఏడాదిలో ప్రమాదాలను 50 శాతం తగ్గిస్తాం." కొందరు 70 అన్నారు. ఒకాయన సున్నాకు తెస్తామని రాసి కింద గీత కూడా గీశారు.

ఇంకొకరు ఫోన్ చేసి, "సార్, అంకె పెద్దగా ఉంటేనే కదా డబ్బిస్తారు?" అని అడిగారు. ఇది గణపతి చందా కాదండీ. అవతల ఫైలు చదివేది పరిశోధన చేసి తల పండినవాళ్లు. ఈ వాక్యం దగ్గర వాళ్ల పెన్ను ఆగిపోతుంది. ఎందుకు ఆగుతుందో తెలియకుండా బడ్జెట్ నేర్చుకుని లాభం లేదు కాబట్టి ఈ పాఠమంతా దీనికే.

రిజిస్ట్రేషన్, పాన్, దర్పణ్ ఐడీ (స్వచ్ఛంద సంస్థలకు ప్రభుత్వ పోర్టల్ ఇచ్చే నంబరు), ఆడిట్ అయిన లెక్కలు మీ దగ్గర ఉన్నాయనే అనుకుంటున్నాను. అవి ఎలా తెచ్చుకోవాలో ఇక్కడ చెప్పను.

ఒక జిన్నింగ్ మిల్లు, అంటే పత్తి నుంచి గింజ వేరు చేసే మిల్లు, తీసుకుందాం. సీజన్‌లో 60 మంది, రోజుకు 8 గంటలు, 120 రోజులు. మొత్తం 57,600 పనిగంటలు. దెబ్బల రేటు కట్టడానికి మనకు ఐఎస్ 3786 అనే ప్రమాణం ఉంది: పని మానేయాల్సి వచ్చిన దెబ్బలు ఎన్నో చూసి, పది లక్షల పనిగంటలకు ఎన్ని అన్నది లెక్క కట్టాలి. ఈ మిల్లులో ఒకరికి వేలు తెగితే రేటు 17.4. ఇద్దరికి తెగితే 34.7. ఒక్క వేలు అటో ఇటో అయితే మీ రేటు రెట్టింపవుతుంది, లేకపోతే సగమవుతుంది. మీరు పెట్టిన కొత్త గార్డుకు (చేయి లోపలికి పోకుండా మిషన్‌కు పెట్టే అడ్డు) అందులో పాత్ర ఉందో లేదో ఆ అంకె చెప్పదు.

"ఒక్క మిల్లు చాలకపోతే నాలుగైదు కలుపుతాం" అంటారు. కలపండి. అన్నింటిలో కలిపి ఏడాదికి సగటున 4 దెబ్బలు అనుకుందాం. మీరు వేలు కూడా కదపకుండా ఇంట్లో కూర్చున్నా, వచ్చే ఏడాది 2 గానీ అంతకన్నా తక్కువ గానీ రావడానికి ఎంత అవకాశం ఉందో తెలుసా? సుమారు 24 శాతం. నా మాట నమ్మక్కర్లేదు, ఎక్సెల్‌లో పాయిసాన్ అనే ఫంక్షన్‌కు (అరుదుగా జరిగేవాటి అవకాశం లెక్కగట్టేది) 2, 4 ఇచ్చి, ఆ అంకె వరకూ అన్నీ కలిపి లెక్కించమని అడగండి. 0.238 వస్తుంది. నాలుగేళ్లలో ఒక ఏడాది దేవుడే మీ ప్రాజెక్టు చేసి పెడతాడన్నమాట. పరిశీలకుడికి ఈ లెక్క కంఠతా వచ్చు.

నిజంగా సగానికి తగ్గిందని నమ్మకంగా చూపించాలంటే, మామూలుగా అడిగే కొలబద్దల మీద (లేని తేడాను ఉందని పొరబడే అవకాశం 5 శాతం మించకూడదు, ఉన్న తేడాను పట్టుకునే అవకాశం 80 శాతం ఉండాలి), మొదటి ఏడాదిలోనే 45కు పైగా దెబ్బలు ఉండాలి. మీ నాలుగైదు మిల్లుల లాంటి గుంపులు పదకొండో పన్నెండో కావాలి. రాజురా, కోర్పనా, వణి అంతా తిరిగినా అన్ని మిల్లుల యజమానులు మీకు రిజిస్టర్ చూపిస్తారా?

రిజిస్టర్ అంటే ఇంకో గొడవ. 2025 నవంబర్ దాకా అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 88వ సెక్షన్ ప్రకారం ప్రాణం పోతే, లేకపోతే 48 గంటలకు తగ్గకుండా పనికి రాలేనంత దెబ్బ తగిలితే నోటీసు ఇవ్వాల్సి ఉండేది. దానికి కింద ఉన్నవి ఎవరూ రాయరు. వేలికి గుడ్డ చుట్టుకుని సాయంత్రం దాకా పని చేసినవాడు ఏ పుస్తకంలోనూ కనిపించడు. మీరు వెళ్లి కొత్త రిజిస్టర్ పెట్టి, "ప్రతి గాటూ రాయండి" అని ముకద్దంకు (కూలీల మేస్త్రీకి) చెప్తారు. అతను మంచివాడైతే నిజంగానే రాస్తాడు. ఏడాది చివర చూస్తే ప్రమాదాలు మూడింతలు! మీ ప్రాజెక్టు బాగా నడిచినందుకే అంకె పెరిగింది. ఆ సంగతి తుది నివేదికలో ఎన్ని పేజీలు వివరించినా సాకు చెప్తున్నట్టే ఉంటుంది.

ఇంకోటి. మీకు గ్రాంటు ఆలోచన ఎప్పుడొచ్చింది? మిల్లులో ఘోరం జరిగిన ఏడాదే కదా. ఘోరమైన ఏడాది తర్వాత వచ్చేది సాధారణంగా కొంచెం మంచి ఏడాదే అవుతుంది, ఎవరు ఏం చేసినా చేయకపోయినా. ఆ ఏడాదిని "ముందు" అని, తర్వాతిదాన్ని "మా తర్వాత" అని పట్టికలో పెట్టారో, పరిశీలకుడు అక్కడే సున్నా చుడతాడు.

మరి ఏం కొలవాలి? ప్రమాదానికి ముందు జరిగేదాన్ని కొలవాలి. అది రోజుకు పదుల సార్లు జరుగుతుంది కాబట్టి కొన్ని షిఫ్టుల్లోనే తేడా తెలుస్తుంది.

జిన్నింగ్ మిషన్ దగ్గర కాసేపు నిలబడి చూసినవాళ్లకు ఇది చెప్పక్కర్లేదు. రెండు తోలు రోలర్లు తిరుగుతుంటాయి, కత్తి అంచు దగ్గర దూది లాగబడి ముందుకు, సర్కి (పత్తి గింజ) కిందకు. తడి పత్తి వస్తే మధ్యలో ముద్ద కడుతుంది. పనివాడు మిషన్ ఆపడు. స్విచ్ వరస చివర ఎక్కడో ఉంటుంది, ఆపితే ముకద్దం అరుస్తాడు. అందుకని చేయి పెట్టి లాగేస్తాడు. వేలు పోయేది అక్కడే. అయితే వేలు ఏడాదికి ఒక్కసారి పోతుంది, చేయి లోపలికి వెళ్లేది షిఫ్టుకు నలభై సార్లు. మీరు స్విచ్‌ను మనిషి చేతికి అందేలా మార్చి, ముద్ద తీయడానికి ఒక కొక్కెం ఇచ్చారనుకోండి. నలభై పదిహేనైతే వారం రోజుల్లో పట్టికలో కనిపిస్తుంది. "నడుస్తున్న మిషన్‌లోకి చేయి వెళ్లే సార్లు షిఫ్టుకు 40 నుంచి 15కు తగ్గుతాయా అన్నది మా ప్రశ్న" అని రాయండి. ఈ వాక్యానికి మార్కులు పడతాయి.

ధూళి కొలుస్తామన్నవాళ్లు ఒక సంగతి గుర్తుంచుకోండి. ఆ పాత ఫ్యాక్టరీల చట్టం రెండో షెడ్యూల్లో ముడి పత్తి ధూళికి హద్దు ఘనపు మీటరుకు 0.2 మిల్లీగ్రాములు ఉండేది. అది వర్టికల్ ఎలూట్రియేటర్ అనే శాంప్లర్‌తో, పోగులు లేని ధూళికి. ఆన్‌లైన్లో కొన్న చిన్న మీటర్‌తో వచ్చిన అంకెను దాని పక్కన పెట్టకూడదు. ముందు, తర్వాత పోల్చుకోవడానికి ఆ మీటర్ వాడుకోవచ్చు, హద్దు దాటిందా లేదా అని తేల్చడానికి పనికిరాదు. నాగపూర్‌లో పర్యావరణ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్-నీరి ఉంది, పత్తి పరిశోధన సంస్థ సిర్కాట్ వారి జిన్నింగ్ శిక్షణ కేంద్రం ఉంది. ఎవరినైనా భాగస్వామిగా తీసుకోండి. ఊపిరి పరీక్షలు పెడితే ఎథిక్స్ కమిటీ అనుమతి తప్పదు. చంద్రపూర్ వైపు వాళ్లకు నా సలహా: ముందు సేవాగ్రామ్ మెడికల్ కాలేజీ వాళ్లను అడగండి. ఆరు నెలలు ముందు అడగండి.

ధర్మాబాద్ మిర్చి పేజీ నాకు బాగా నచ్చింది, సున్నా ఒక్కటి మినహా. తొడిమలు తీసే ఆడవాళ్లకు చేతుల మంట, దగ్గు. గ్లవ్స్ ఇస్తాం అని రాశారు. కిలో లెక్కన కూలి ఉన్న చోట గ్లవ్స్ వేసుకుంటే చేయి నెమ్మదిస్తుంది, కూలి పడిపోతుంది, మధ్యాహ్నానికల్లా గ్లవ్స్ గోనెసంచి కిందకు చేరతాయి. కాబట్టి మీ పట్టికలో మంట గురించిన గడితో పాటు "గంటకు ఎన్ని కిలోలు" అన్న గడి కూడా ఉండి తీరాలి. ఆ గడి పెట్టినవాడికి పని తెలుసని పరిశీలకుడికి అర్థమైపోతుంది.

బల్లార్షా సా మిల్లు వాళ్లు: రంపం మీద గార్డు ఉన్న నిమిషాలు, లేని నిమిషాలు. అంతే. బొగ్గు గనుల వాళ్లకు దారే వేరు. బొగ్గు శాఖ ఎస్ అండ్ టీ (సైన్స్, టెక్నాలజీ) పథకాన్ని రాంచీలోని సీఎంపీడీఐ అనే ప్రభుత్వ సంస్థ చూసుకుంటుంది, గని కంపెనీ మీతో లేకుండా అడుగు పడదు.

నేను దరఖాస్తు రాసేటప్పుడు మొదట రాసేది తుది నివేదికలోని పట్టిక. గళ్లన్నీ ఖాళీగా, తలపేర్లు మాత్రం రాసి. ఆ పట్టిక కాగితం మీదకు రాకపోతే ఆ ప్రాజెక్టు మానేస్తాను. లక్ష్యాలు, నేపథ్యం, పేరు అన్నీ దాని తర్వాతే. టైటిల్ ఆఖరిది. నేపథ్యంలో ప్రపంచవ్యాప్తంగా ఏటా ఎంతమంది పనిలో చనిపోతున్నారో రాసే అలవాటు కూడా మానుకోండి, కోర్పనా మిల్లుకు దానితో పని లేదు.

ఎక్కడ పంపాలని అడుగుతున్నారు కాబట్టి క్లుప్తంగా: వస్తువు తయారు చేసేవాళ్లు, అంటే స్విచ్, గార్డు, కొక్కెం లాంటివి, కేంద్ర సైన్స్ శాఖ (డీఎస్టీ) పథకం నిధి-ప్రయాస్ చూడండి. నమూనాకు 10 లక్షల వరకూ ఇస్తారు, ప్రమాదాలు ఎన్ని తగ్గుతాయని అడగరు, వస్తువు పనిచేస్తుందా అని అడుగుతారు. డీపీఐఐటీ (కేంద్ర పరిశ్రమల ప్రోత్సాహక విభాగం) గుర్తింపు ఉండి, కంపెనీ పెట్టి రెండేళ్లు దాటనివాళ్లకని 2021లో స్టార్టప్ ఇండియా సీడ్ ఫండ్ పెట్టారు, నమూనా, ట్రయల్స్‌కు 20 లక్షల వరకూ; ఇప్పుడు దరఖాస్తులు తీసుకుంటున్నారో లేదో ముందు చూసుకోండి. ఆరోగ్యం కొలిచేవాళ్లు ఐసీఎంఆర్ (వైద్య పరిశోధన మండలి). స్వచ్ఛంద సంస్థలైతే డీఎస్టీ వారి సీడ్ విభాగం ప్రకటనలు గమనిస్తుండండి. పేర్లు ఒకేలా వినిపించినా ఆ సీడ్ వేరు, ఈ సీడ్ వేరు.

అభ్యాసం. మీ పేజీ తిరగరాయకండి, ఇప్పుడే వద్దు. యజమానికి చెప్పి, పనివాళ్లకు కూడా ఎందుకొచ్చారో చెప్పి, ఒక పూర్తి షిఫ్టు ఆ చోట నిలబడండి, మిషన్‌కు దూరంగా. ప్రతి 15 నిమిషాలకు ఒకసారి, రెండు నిమిషాల పాటు ఒకే మిషన్‌ను చూసి మీరు ఎంచుకున్నది ఎన్నిసార్లు జరిగిందో గీతలు పెట్టండి. ఎనిమిది గంటలకు 32 వరసలు వస్తాయి. "చేయి లోపలికి" అంటే మణికట్టు ఎక్కడి దాకా వెళ్తే లెక్కో ముందే కాగితం పైన రాసుకోండి. అదే సమయంలో ఇంకొకరు, మీ కాగితం చూడకుండా, అదే మిషన్‌ను లెక్కపెట్టాలి. రెండు షీట్లూ పక్కపక్కన పెట్టి ఎన్ని వరసల్లో అంకెలు కలిశాయో రాసి పంపండి. 24 కన్నా తక్కువ కలిస్తే మీ నిర్వచనం సరిలేదు, మార్చి ఇంకో షిఫ్టు చేయాలి. రెండో మనిషి మీ తమ్ముడైనా ఫర్వాలేదు. కానీ 32కు 32 కలిసిన షీట్లు పంపితే, ఇద్దరూ టీ కొట్లో కూర్చుని నింపారని అనుకుంటాను.