బిడ్డకు టీకా రోజే తల్లికి గ్లూకోజ్ టెస్టు

కడుపుతో ఉన్నప్పుడు షుగర్ వచ్చినవాళ్లు కాన్పు కాగానే "పోయిందండీ" అంటారు. నిజమే, చాలామందికి తగ్గిపోతుంది. ఇన్సులిన్ పనికి అడ్డం పడేవి మాయలోంచి వచ్చే హార్మోన్లు. మాయతో పాటు అవీ పోతాయి. కానీ మిగతా తల్లులతో పోలిస్తే వీళ్లకు తర్వాత అసలు షుగర్ వచ్చే అవకాశం ఏడు నుంచి పది రెట్లు ఎక్కువ.

నేను కోనసీమలో ఒక సబ్ సెంటర్‌లో ఏఎన్‌ఎంని. ఒకమ్మాయికి 24 ఏళ్లు, ఏడో నెలలో షుగర్ తేలింది. కాన్పుకి పుట్టింటికి వెళ్లింది. అక్కడివాళ్లు అత్తారింటి ఊళ్లో చూస్తారనుకున్నారు, నేనేమో అక్కడే చూసేసి ఉంటారనుకున్నాను. రెండోసారి నెల తప్పి వచ్చిన రోజే షుగర్ ఎక్కువగా ఉంది. తప్పు నాది కూడా. మేం బీపీ, షుగర్ చూసే సర్వే 30 ఏళ్లు నిండినవాళ్లకి. అంతకంటే చిన్న తల్లులు ఆ లిస్టులోకే రారు. అందుకే మేం పిలుస్తామని ఆగకుండా మీరే అడగండి.

బిడ్డకి ఆరు వారాల టీకా ఎలాగూ వేయించాలి. ఎక్కడ వేయిస్తే అక్కడే, పుట్టింట్లో ఉన్నా సరే, తల్లి కార్డు చూపించి "నాకు కడుపుతో షుగర్ ఉండేది, గ్లూకోజ్ టెస్టు చెయ్యండి" అనండి. ముందు రోజు రాత్రి భోజనం తర్వాత నీళ్లు తప్ప ఏమీ తీసుకోకుండా పొద్దున్నే రండి. ముందు పరగడుపు రక్తం తీస్తారు. తర్వాత 75 గ్రాముల గ్లూకోజ్ కలిపిన నీళ్లు ఐదు పది నిమిషాల్లో తాగాలి. రెండు గంటలకి మళ్లీ రక్తం. ఈలోగా బిడ్డకి టీకా, పాలు, నిద్ర అన్నీ అయిపోతాయి. రెండో రక్తం ఇచ్చాక తినడానికి క్యారేజీలో ఇడ్లీ తెచ్చుకోండి, పాలిచ్చే తల్లికి ఆకలి ఆగదు. తాగిన అరగంటలోపు వాంతైతే మాత్రం ఇంకో రోజు రావాలి.

రెండు గంటల రక్తంలో 140 లోపు ఉంటే మామూలు. 140 నుంచి 199 అయితే షుగర్ అంచున ఉన్నట్టు. 200 గానీ ఆపైన గానీ ఉన్నా, పరగడుపున 126 గానీ ఆపైన గానీ ఉన్నా పీహెచ్‌సీ డాక్టరు దగ్గరికి వెళ్లాల్సిందే. కొందరు ల్యాబులో మూడు నెలల సగటు షుగర్ చెప్పే టెస్టు (హెచ్‌బీఏ1సీ) చేయించుకుని వస్తారు. కాన్పులో రక్తం పోయి ఉంటుంది కాబట్టి ఆ రోజుల్లో దాని లెక్క సరిగా రాదు.

మామూలుగా వచ్చినా ఏడాదికోసారి చూపించుకోండి. గుర్తుండటానికి బిడ్డ పుట్టినరోజు నెల పెట్టుకోమంటాను.

ఇక తిండి. అసలు పేచీ ఇక్కడే. పురిట్లో తెల్లన్నం, నెయ్యి, వెల్లుల్లి కారం, పైన సున్నుండలు. అన్నం తగ్గిస్తే పాలు పడవని అత్తగార్ల భయం. కడుపు మాడ్చుకోమని నేనూ చెప్పను. ఒక గరిటె అన్నం తీసి ఆ చోట్లో పప్పు, ఆకుకూర, గుడ్డు పెట్టండి, పాలకి ఏ లోటూ రాదు. బెల్లం సున్నుండ మంచిదేగా అంటారు. షుగర్ లెక్కలో బెల్లం, పంచదార అక్కాచెల్లెళ్లే. ఇంకోటి, పాలివ్వడం బిడ్డకే కాదు, మీ షుగర్‌కీ మేలు. ఎన్నాళ్లు ఇవ్వగలిగితే అంత మంచిది.

ఒంట్లో ఓపిక వచ్చాక, ఆపరేషన్ అయినవాళ్లు డాక్టరుని అడిగి, రోజుకి అరగంట చొప్పున వారానికి ఐదు రోజులు కాలవగట్టు మీద చురుగ్గా నడవండి. ఇంట్లో పని చేస్తున్నాంగా అంటారు, అది దీని కింద జమ కాదు. ఆ అరగంట బిడ్డని నాన్నకి ఇచ్చేయండి. బరువు ఎక్కువున్నవాళ్లు నూటికి ఐదు నుంచి ఏడు వంతులు తగ్గినా చాలు. 65 కిలోలుంటే మూడు నాలుగు కిలోలు. ఏడాది పట్టినా పరవాలేదు.

రెండో బిడ్డ కావాలనుకుంటే, కడుపు రాకుండా వాడుతున్నది మానేసే ముందే షుగర్ చూపించుకోండి. నెల తప్పాక ఐదో నెల దాకా ఆగకుండా మొదటిసారి వచ్చినప్పుడే పాత కార్డు తెచ్చి చూపించండి. నేనైతే కార్డు అట్ట మీద ఎర్ర పెన్నుతో 'షుగర్' అని రాసిస్తున్నాను.