లైనర్‌ని ఓవెన్‌లో పెట్టే ముందు: ఆ "ఇంకో రెండు నిమిషాలు" వద్దు

మొన్న రాత్రి ఫ్రెండ్ ఒకడు ఫొటోలు పంపాడు. స్నోబోర్డ్ బూట్ లోపల ఉండే మెత్తటి ఫోమ్ లైనర్లు, ఓవెన్‌లో వేడి చేసి పాదం ఆకారానికి మలుచుకునేవి. దీన్నే మోల్డ్ చేయడం అంటారు. ఒకదానికి మడమ చుట్టూ ఫోమ్ కుంచించుకుపోయి, మైనం కరిగి గడ్డకట్టినట్టు మెరుస్తోంది. రెండోది ఓవెన్ గోడకి అంటుకుపోయింది, పీకితే గుడ్డ మొత్తం ఊడొచ్చిందట. సాయంత్రం మడమ దగ్గర కొత్త పట్టీ జిగురుతో అతికించాడు, రాత్రికే ఓవెన్‌లో పెట్టాడు, టైమ్ అయ్యాక తీసి నొక్కి చూస్తే గట్టిగానే అనిపించి ఇంకో రెండు నిమిషాలు పెట్టాడు, తర్వాత ఇంకో రెండు. ఇల్లంతా పొగ, ఘాటు వాసన. మనిషికి ఏమీ కాలేదు, అంతవరకు నయం. సీజన్‌కి ముందు అందరూ పాత లైనర్లు బయటికి తీసే టైమ్ ఇదే కాబట్టి వెంటనే రాస్తున్నా.

ఓవెన్ కాలుతుంది, గ్లవ్స్ వేసుకోండి లాంటివి చెప్పను. నేను చెప్పాలనుకున్నది ఒక్కటే: ఆ ఇంకో రెండు నిమిషాలు పెట్టకండి. ఇప్పటికి మూడు జతలు ఇలాగే పాడవడం చూశాను, అందులో ఒకటి నాదే.

ఎందుకు పాడవుతుందో తెలిస్తే చెయ్యి ఆగుతుంది. ఈ ఫోమ్ ఇథిలీన్ వినైల్ ఎసిటేట్, అందరూ ఈవీఏ అంటారు. లోపలంతా మూసుకుని ఉన్న చిన్న చిన్న గదులు, వాటిలో గాలి. వేడి తగలగానే గోడలు మెత్తబడతాయి, గాలి వ్యాకోచించి ఫోమ్ ఉబ్బుతుంది, అప్పుడు పాదం పెట్టి బిగిస్తే ఆ ఆకారంలోనే చల్లారి నిలిచిపోతుంది. అణిగిపోయిన పాత లైనర్ కూడా వేడి చేస్తే కొంత ఉబ్బుతుంది. అసలు మోసం అక్కడే ఉంది. ఉబ్బింది కదా, ఇంకొంచెం వేడి చేస్తే ఇంకొంచెం ఉబ్బుతుందిలే అనిపిస్తుంది. ఉబ్బదు. హద్దు దాటితే ఆ గోడలు పగులుతాయి, గాలి బయటికి పోతుంది, ఫోమ్ పల్చబడి గట్టిపడుతుంది. ఆ తర్వాత మళ్ళీ ఎన్నిసార్లు వేడి చేసినా వెనక్కి రాదు. కొండ మీదికి వెళ్ళాక బూట్‌లో మడమ లేస్తుంది, లేస్తోందని లేసులు ఇంకా బిగిస్తాం, పాదం తిమ్మిరెక్కుతుంది, బోర్డు మన మాట ఆలస్యంగా వింటుంది.

మొదలుపెట్టే ముందు

మీ లైనర్ ఏ రకమో చూసుకోండి. ఇంట్యూషన్ లాంటి కంపెనీలు చేసే పూర్తి ఫోమ్ లైనర్లని ఓవెన్‌లో పెట్టి మోల్డ్ చేస్తారు. బూట్‌తో పాటు వచ్చే చాలా లైనర్లలో మాత్రం మడమ, చీలమండ చుట్టూ ఉన్న ముక్కలే వేడికి మెత్తబడే రకం, మిగతాదంతా మామూలు ఫోమ్, గుడ్డ, జిగురు పొరలు. వాటిని షాపుల్లో లోపలికి గొట్టంతో వేడి గాలి పంపి మోల్డ్ చేస్తారు, ఓవెన్‌లో పెడితే పొరలు విడిపోతాయి. ఏ రకమో తేలకపోతే ఓవెన్ జోలికి వెళ్ళకండి.

మడమ దగ్గర ఫోమ్‌ని బొటనవేలితో గట్టిగా నొక్కి వదలండి. మెల్లగానైనా పైకి లేస్తే ప్రాణం ఉన్నట్టు. గుంట అలాగే ఉండిపోయి, అవతలి వైపు వేలు తగులుతున్నట్టు ఉంటే ఆ లైనర్ పని అయిపోయింది, దాని మీద టైమ్ పెట్టకండి.

రిపేర్

కుట్టు పని మోల్డ్‌కి ముందు, జిగురు పని మోల్డ్ తర్వాత. ఈ వరస తప్పకూడదు. అతుకు ఊడిన చోట వంకర సూది, మైనం పూసిన గట్టి దారం వాడండి, ముళ్ళు బయటి వైపు వేయండి, లోపలి వైపు వేస్తే రెండో రోజుకి చర్మం లేచిపోతుంది. మడమ గుడ్డ చిరిగితే పల్చటి పట్టీ చాలు. అంచుల్ని బ్లేడుతో చెక్కి సన్నం చేయండి, మందంగా వదిలేసిన అంచు ఎక్కడ ఉంటే బొబ్బ అక్కడే లేస్తుంది. అతికించే చోట సాండ్ పేపర్‌తో కాస్త గరుకు చేసి, కాంటాక్ట్ జిగురు రెండు వైపులా పూసి, వేలికి అంటనంత ఆరాక నొక్కండి.

మోల్డ్ తర్వాతే జిగురు ఎందుకంటే, ఆ వేడికి జిగురు మెత్తబడి పాదం కింద పట్టీ జారిపోతుంది. అంతకంటే పెద్ద కారణం, జిగురులోని సాల్వెంట్ ఆవిరికి మంట అంటుకుంటుంది. గ్యాస్ ఓవెన్ మంటకైనా, ఎర్రబడిన కాయిల్‌కైనా. ముందే అతికించేసి ఉంటే కనీసం రెండు రోజులు ఆరబెట్టండి, ఆ తర్వాత కూడా ముక్కుకి వాసన తగిలితే ఇంకా ఆగండి.

ఓవెన్

చాలా ఫోమ్ లైనర్లకి సుమారు 110 నుంచి 120 డిగ్రీల సెల్సియస్, పది నిమిషాల చుట్టుపక్కల చెప్తారు. మీ లైనర్ కాగితం మీద ఏది ఉంటే అదే లెక్క, నేను చెప్పింది కాదు. ఓవెన్ డయల్‌ని నమ్మొద్దు. డయల్ మీద 110 పెట్టినా లోపల ఇరవై డిగ్రీలు అటూ ఇటూ ఊగే ఓవెన్లు చాలా ఉన్నాయి. వేరే థర్మామీటర్ లోపల పెట్టి, ముల్లు నిలకడగా ఉందని చూశాకే లైనర్ పెట్టండి. లైనర్ గోడకి, కాయిల్‌కి తగలకూడదు.

సరిగ్గా వేడెక్కిన లైనర్ కూడా బయటి గుడ్డ వల్ల చేతికి గట్టిగానే అనిపించొచ్చు. అందుకే చేత్తో నొక్కి నిర్ణయించకండి, గడియారం చూసి నిర్ణయించండి. టైమ్ అయిందా, తీసేయండి. ఇంకో రెండు నిమిషాలు వద్దు.

తీశాక ఆలస్యం చేయొద్దు. టో క్యాప్ (వేళ్ళ ముందు కాస్త చోటు మిగలడానికి వేళ్ళకి తొడిగే ముక్క), దాని మీద పల్చటి సాక్స్ ముందే వేసుకుని ఉండాలి. రోజూ వాడే ఇన్‌సోల్‌తోనే మోల్డ్ చేయండి. పాదం పెట్టాక మడమని నేలకేసి రెండు మూడు సార్లు తట్టి వెనక్కి జరపండి. లేసులు మామూలుగా వేసుకునేంతే బిగించండి, ఎక్కువ బిగిస్తే వేడి ఫోమ్ అక్కడ పల్చబడి అలాగే ఉండిపోతుంది. తర్వాత కదలకుండా పది నిమిషాలు నిలబడాలి, మోకాళ్ళు కొద్దిగా వంచి. ఫోన్ మోగినా సరే.

మిగతావి గుర్తొచ్చిన వరసలో:

తడి లైనర్‌ని వేడి చేయకండి, ఒక రోజంతా ఆరనివ్వండి.

బూట్ మొత్తాన్ని ఓవెన్‌లో పెట్టకండి. సోల్ జిగురు వదిలేస్తుంది.

లైనర్‌ని మైక్రోవేవ్‌లో పెట్టకండి, మెటల్ రింగులు ఉండొచ్చు.

హీట్ గన్‌తో మొత్తం లైనర్ వేడి చేయకండి. దాని మూతి దగ్గర వేడి 500 డిగ్రీలు దాటగలదు.

డయాబెటిస్ వల్ల గానీ మరే కారణంతో గానీ పాదాల్లో స్పర్శ తగ్గినవాళ్ళు ఇంట్లో మోల్డ్ చేసుకోకండి. కాలుతున్నా తెలియదు.

రెండు లైనర్లూ ఒకేసారి పెట్టకండి. ఒకటి బిగిస్తుంటే రెండోది లోపల మాడుతుంది.

ఓవెన్ వదిలి పక్క గదిలోకి వెళ్ళకండి. ఒక్క నిమిషం కూడా.

పొగ కనిపిస్తే తలుపు తెరవకండి, ఓవెన్ ఆపేయండి.

ఇంకో రెండు నిమిషాలు అని ఎవరు చెప్పినా వినకండి.

చల్లారాక బూట్లు వేసుకుని ఇంట్లో ఒక గంట తిరగండి. మడమ ఇంకా లేస్తుంటే చీలమండ కింద, లైనర్ బయటి వైపు జె-బార్, అంటే J అక్షరం ఆకారంలో ఉండే ఫోమ్ ముక్క, అతికించుకోండి. ఆ రాత్రికి మళ్ళీ ఓవెన్ ఆన్ చేయకండి.