ఐస్ ఫిషింగ్ గుడారం: సరస్సు మీదికి వెళ్లకముందే పట్టుకోవాల్సిన లోపాలు

గడ్డకట్టిన సరస్సు మీద మంచుకు రంధ్రం వేసి చేపలు పట్టడమే ఐస్ ఫిషింగ్. చలి తగలకుండా గుడారంలో కూర్చుని పడతారు. అక్కడ గుడారం వేశాక బయటపడిన లోపాన్ని అక్కడే సరిచేయడం చాలా కష్టం. గ్లవ్స్ ఉంటే చిన్న స్క్రూ చేతికి చిక్కదు, తీసేస్తే వేళ్లు కాసేపట్లోనే మొద్దుబారిపోతాయి. జిగురు పట్టదు, టేపు అంటదు, మెత్తగా ఉండాల్సిన ప్లాస్టిక్ పెళుసుబారి విరుగుతుంది. అందుకే తనిఖీ అంతా ఇంటి దగ్గరే, సీజన్‌కు కొన్ని వారాల ముందే అయిపోవాలి. ఏదైనా విడిభాగం తెప్పించాల్సి వస్తే అప్పుడు కంగారు ఉండదు.

గుడారం తీయగానే చాలామంది చేసే పని, గుడ్డ మీద చిల్లులు వెతకడం. కంటికి ముందు కనబడేవి అవే మరి. కానీ చిల్లుంటే కొంచెం చలేస్తుంది, అంతే. గాలి ఆడని గుడారంలో హీటర్ వెలిగిస్తే మాత్రం ప్రాణానికే ముప్పు. కాబట్టి ముందు గాలి దారులు, హీటరు, తర్వాత గుడారాన్ని మంచుకు పట్టి ఉంచే యాంకర్లు, తాళ్లు, ఆపైన పోల్స్, గుడ్డ, జిప్పు చిట్టచివర. సమయం చాలకపోతే చివరివి వదిలేయండి, మొదటివి వదలకండి.

వెంట్, అంటే గాలి ఆడే కంత, తెరుచుకోవడం ఒక్కటే చాలదు, తెరిచింది తెరిచినట్టే నిలబడాలి. దాని మూత గుడ్డను (ఫ్లాప్) ఎత్తిపెట్టే చిన్న పుల్ల పోయినా, వెల్క్రో అరిగినా, గాలి కొట్టినప్పుడు ఫ్లాప్ దానంతటదే మూసుకుపోతుంది. లోపల కూర్చున్నవాళ్లకు ఆ సంగతే తెలియదు. వెల్క్రోలో ఇరుక్కున్న దారప్పోగులు, మంచు తీసేస్తే చాలావరకు మళ్లీ పట్టుకుంటుంది. అప్పటికీ పట్టకపోతే కొత్తది కుట్టించండి. వెంట్‌కు జాలీ ఉంటే దుమ్ము, సాలెగూళ్లు దులపండి. ప్రొపేన్ మండినప్పుడు నీటి ఆవిరి కూడా వస్తుంది. మన ఊపిరిలోని తేమ దానికి తోడై, చల్లటి జాలీ మీద మంచులా పేరుకుని దాన్ని పూర్తిగా పూడ్చేయగలదు. హీటర్ వెలుగుతున్నంతసేపూ మధ్యమధ్యలో వెంట్ మీద చేయి వేసి చూడటం అలవాటు చేసుకోవాలి. పైన ఒకటి, కింద ఒకటి తెరిచి ఉంటేనే గాలి తిరుగుతుంది. గుడారం అంచు గుడ్డ చుట్టూ మంచు ఎగదోసి బిగించేవాళ్లు ఒకవైపు కొంత ఖాళీ వదలాలి, లేదంటే కిందినుంచి వచ్చే గాలి పూర్తిగా ఆగిపోతుంది.

ఇక హీటర్. గుడారాల్లో వాడదగ్గ చిన్న ప్రొపేన్ హీటర్లలో చాలావాటికి ఆక్సిజన్ తగ్గితే ఆరిపోయే సెన్సర్ ఉంటుంది. అది ఉంది కదా అని నిశ్చింతగా ఉండకూడదు. అది చూసేది ఆక్సిజన్‌ను. కార్బన్ మోనాక్సైడ్‌ను కాదు. బర్నర్‌లో మసి చేరినా, మంట నీలంగా కాక పసుపుగా వణుకుతున్నా, దహనం సరిగ్గా జరగడం లేదన్నమాట. అలాంటి హీటర్‌ను శుభ్రం చేయించకుండా గుడారంలోకి తీసుకెళ్లొద్దు. కార్బన్ మోనాక్సైడ్‌కు రంగూ లేదు, వాసనా లేదు. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం మొదలవుతాయి, వాటిని చలి వల్లో నిద్ర చాలకో అనుకుంటాం. లోపలున్న ఇద్దరికీ ఒకేసారి తల నొప్పిపుడితే చర్చ పెట్టుకోకుండా బయటికి రావాలి.

బ్యాటరీతో నడిచే కార్బన్ మోనాక్సైడ్ అలారం తప్పనిసరి. ఇళ్లలో పెట్టే అలారాలన్నీ గడ్డకట్టే చలిలో సరిగ్గా పనిచేస్తాయనుకోకూడదు. ఎంత చలి వరకు పనిచేస్తుందో దాని మీదో, దానితో వచ్చిన పుస్తకంలోనో ఉంటుంది, చూసి కొనండి. మామూలు ఆల్కలైన్ బ్యాటరీలు చలిలో నీరసపడతాయి, లిథియం రకాలు మెరుగు. సిలిండర్ బిగించే చోట, గొట్టం పొడవునా సబ్బునీళ్లు రాసి గ్యాస్ తెరవండి. బుడగలు వస్తే లీకున్నట్టే. నిప్పుతో పరీక్షించే పెద్దమనుషులు ఇప్పటికీ ఉన్నారు, వాళ్ల మాట వినకండి.

గాలికి గుడారం లేచిపోవడం ఈ పనిలో మామూలే, వేసేటప్పుడు మరీను. మర తిరిగే ఐస్ యాంకర్లను ఒక్కొక్కటీ చేతిలో తిప్పి చూడండి. మొన మొద్దుబారినా, కడ్డీ వంగినా అది మంచులోకి నిటారుగా దిగదు, దిగినా పట్టు చాలదు. మొనను ఆకురాయితో పదును పెట్టొచ్చు, వంగినదాన్ని మాత్రం పారేయడమే మేలు. గుడారానికి తాడు కట్టే పట్టీల కుట్లు లాగి చూడాలి. దారం తెగడం మొదలైతే అక్కడ గట్టి పాలిస్టర్ దారంతో అడ్డంగా, నిలువుగా మళ్లీ కుట్టాలి. గాలి ఎటునుంచి వస్తుందో అటువైపు యాంకర్ ముందు దించి, తాడు కట్టేశాకే గుడారం విప్పడం మంచి పద్ధతి. తిరిగి తీసేటప్పుడు గడ్డకట్టిన యాంకర్‌ను లాగొద్దు, వెనక్కి తిప్పి తీయండి.

గోడ మధ్యలోని హబ్ అనే కీలు దగ్గర పోల్స్ కలిసి, దాన్ని లాగితే గోడ విచ్చుకునేవి హబ్ రకం గుడారాలు. వీటిలో పోల్స్ ఎక్కువగా ఫైబర్‌గ్లాస్‌వి. పగుళ్లు కంటికి కనిపించకపోవచ్చు. దళసరి గ్లవ్ వేసుకుని పోల్ పొడవునా చేయి జరపండి. పీచు గుచ్చుకున్నట్టు తగిలిన చోట పోల్ చీలుతోందని అర్థం. వట్టి చేత్తో మాత్రం తడమకండి, ఆ పీచు చర్మంలో దిగితే తీయడం నరకం. టేపు చుట్టడం ఆ రోజు ఇల్లు చేరడానికే, సీజన్‌కంతా కాదు. గోడ విచ్చుకోకపోతే కాలితో తన్నడం పోల్స్ విరగడానికి పెద్ద కారణం. ముందు పోల్ కొన హబ్ గూడులో సరిగ్గా కూర్చుందో లేదో, గుడ్డ ఎక్కడైనా ఇరుక్కుందో చూడాలి. గోడలు, కప్పు ఏ వరుసలో తెరవాలో తయారీదారు చెప్పి ఉంటారు, అదే పాటించాలి.

మంచు మీద ఈడ్చుకెళ్లే జారుడు బండి (స్లెడ్) మీద మడిచే ఫ్లిప్ ఓవర్ రకాల తంటాలు వేరు. మంచు మీద నడిచే మోటారు బండి (స్నోమొబైల్) వెనక ఈడ్చుకెళ్లినప్పుడు అదురుకు బోల్టులన్నీ వదులవుతాయి. ప్రతి నట్టునూ పానాతో బిగించి, వీలైతే నైలాన్ లాక్ నట్లు వేయండి. ఒకదానిలోకి ఒకటి జారే అల్యూమినియం గొట్టాల్లో నీరు మిగిలి గడ్డకడితే అవి కదలవు, కాబట్టి లోపల పొడిగా తుడిచి ఉంచాలి. ఆ గొట్టాలను జారకుండా పట్టే స్ప్రింగ్ బటన్లు బయటికి పూర్తిగా రాకపోతే ఫ్రేమ్ మీద నమ్మకం పెట్టుకోవద్దు. స్లెడ్ పాలిథిలీన్‌దైతే పగులుకు మామూలు జిగురు అస్సలు పట్టదు. పగులు కొసన చిన్న రంధ్రం వేస్తే అది ఇంకా పాకకుండా ఆగుతుంది. ఆ తర్వాత ప్లాస్టిక్ వెల్డింగ్ చేయించాలి, లేదా లోపలా బయటా పట్టీలు పెట్టి రివెట్లు కొట్టాలి.

గుడ్డ పరీక్ష తేలిక. పట్టపగలు గుడారం వేసి, కిటికీలు మూసి లోపల కూర్చుంటే చిల్లులున్న చోటల్లా వెలుతురు చుక్కలు కనబడతాయి. పోల్స్ రాసుకునే మూలలు, హబ్‌ల చుట్టూ ముఖ్యంగా చూడండి. అతుకు వేసేముందు ఆ చోటు ఆల్కహాల్‌తో తుడిచి, అతుకు మూలలు గుండ్రంగా కత్తిరించి, వెచ్చటి గదిలో రెండువైపులా అతికించాలి. అంచులు కరిగి నల్లబడిన చిల్లు కనిపిస్తే దాన్ని అతికించి ఊరుకోకూడదు: హీటర్ గోడకు దగ్గరగా ఉందని అది చెబుతోంది. పాలిస్టర్ మంటకు కరిగి చర్మానికి అంటుకుంటుంది. పారదర్శక కిటికీలను గడ్డకట్టే చలిలో మడవకండి, పగులుతాయి.

జిప్పు మూసినా పళ్లు వెనక విడిపోతుంటే తప్పు సాధారణంగా పళ్లది కాదు, అరిగి నోరు తెరుచుకున్న రన్నర్‌ది. ప్లయర్‌తో దాని రెండు పక్కలా కొద్దికొద్దిగా నొక్కితే కొన్నాళ్లు లాగుతుంది. మైనం గానీ సిలికాన్ గానీ పళ్లకు రాస్తే మంచు పట్టడం తగ్గుతుంది. తలుపు జిప్పు లోపలినుంచీ బయటినుంచీ తెరుచుకోవాలి. ఇరుక్కుపోతే గుడ్డ కోసి బయటపడేందుకు చేతికందే చోట చాకు ఉంచండి.

ఇవన్నీ సరిచూసినా మంచు మందం చూడటం తప్పదు. మిన్నెసోటా సహజ వనరుల శాఖ మార్గదర్శకం ప్రకారం కాలినడకన వెళ్లి చేపలు పట్టడానికి తేటగా, గట్టిగా ఉన్న కొత్త మంచు కనీసం 4 అంగుళాలుండాలి. తెల్లటి మంచైతే దానికి రెట్టింపు. ఒకే సరస్సులో చోటుచోటుకీ మందం మారుతుంది కనుక గుడారం వేసే చోటే కాక దారి పొడవునా రంధ్రాలు వేసి కొలవాలి. మంచు విరిగి నీళ్లలో పడితే, అంచున గుచ్చి పైకి పాకడానికి పనికొచ్చే మొనలు (ఐస్ పిక్స్) మెడలో వేలాడాలి, సంచిలో కాదు.

ప్రతిసారీ ఇంటికి రాగానే గుడారం పూర్తిగా విప్పి ఆరబెట్టండి. దళసరి గుడ్డ పైకి పొడిగా అనిపించినా లోపలి పొరలో తడి ఉండిపోతుంది, బూజు పడుతుంది. వేసవికి దాచేటప్పుడు ఎలుకలు చేరని చోట, నేలకు ఎత్తుగా వేలాడదీయండి.