చెదిరిన స్క్వాడ్ ర్యాలీ అవడం లేదా? అడ్వాన్స్‌డ్ స్క్వాడ్ లీడర్‌లో సమస్య - పరిష్కారం

1985లో అవలాన్ హిల్ సంస్థ తెచ్చిన అడ్వాన్స్‌డ్ స్క్వాడ్ లీడర్ రెండో ప్రపంచ యుద్ధపు చిన్న చిన్న పోరాటాల బోర్డ్ ఆట. కాల్పులకి తట్టుకోలేక ధైర్యం చెదిరిన దళాన్ని ఇందులో ‘బ్రోకెన్’ అంటారు, బోర్డు మీద దాన్ని చూపే అట్ట ముక్కని (కౌంటర్) వెనక వైపుకి తిప్పుతారు. దాన్ని మళ్లీ పోరాటంలోకి తేవడమే ర్యాలీ. రెండు పాచికలు వేస్తాం. సవరణలు కలిపాక వచ్చిన మొత్తం దళం మొరేల్ (ధైర్యం) సంఖ్యని దాటకపోతే ర్యాలీ అయినట్టే. వినడానికి సులువే, కానీ బల్ల దగ్గర ఎక్కువ తగవులు వచ్చేది ఇక్కడే.

సమస్య: పాచికలు బాగానే పడుతున్నా ర్యాలీ అవడం లేదు

కారణం దాదాపు ఎప్పుడూ డీఎం (డెస్పరేషన్ మొరేల్) గుర్తే. దళం చెదిరిన వెంటనే దాని మీద ఈ గుర్తు పడుతుంది, ర్యాలీ పాచికలకి 4 కలుపుతుంది. జర్మన్ 4-6-7 స్క్వాడ్‌నే చూడండి (కౌంటర్ మీద వరసగా కాల్పుల బలం, కాల్పుల దూరం, మొరేల్). చెదిరాక మొరేల్ 7. డీఎం ఉంటే పాచికల మీద 3 లేదా అంతకన్నా తక్కువ పడాలి. 36 విధాల్లో అలా పడేది మూడే. అదే స్క్వాడ్ డీఎం లేకుండా, భవనంలో, -1 లీడర్ (పాచికల మొత్తంలో 1 తగ్గించే నాయకుడు) ఉన్న గడిలోనే ఉంటే 9 వరకు చాలు. అప్పుడు 36కి 30 అవకాశాలు. భవనానికి ఒకటి, లీడర్‌కి ఒకటి తగ్గుతాయి కాబట్టి.

అంటే పట్టించుకోవాల్సింది పాచికల్ని కాదు, డీఎంని. పక్క గడిలో శత్రువు లేకపోతే ర్యాలీ దశ చివర అది పోతుంది. కానీ తర్వాత శత్రువు పక్కకి వచ్చి నిలబడినా, తగినంత బలంతో కాల్చినా మళ్లీ పడుతుంది. అందుకే చెదిరిన దళాన్ని శత్రువు చూపుకి అందని చోటికి చేర్చి ఒక దశ ఓపిక పట్టండి. చాలామంది తొందరపడి దాన్ని ముందు వరసకి దగ్గర్లోనే ఉంచేస్తారు. శత్రువు ప్రతి టర్న్‌లో రెండు తూటాలు విసిరితే చాలు, డీఎం వదలదు.

ఇంకో పొరపాటు, కౌంటర్ ముందు వైపు సంఖ్య చదవడం. ర్యాలీకి చూడాల్సింది వెనక వైపు సంఖ్య. అమెరికన్ 6-6-6 స్క్వాడ్‌కి ముందు 6 ఉంటే వెనక 8 ఉంటుంది. చెదిరాక కోలుకోవడం వాళ్లకి సులువు. అది తెలియకుండా ఆడితే అమెరికన్ల ఆటే మారిపోతుంది.

సమస్య: లీడర్ ఎప్పుడూ అవసరమైన చోట ఉండడు

నా లెక్కలో అసలు సమస్య ఇదే. ర్యాలీ ప్రతి టర్న్‌లో మొదటి దశ. అప్పటికే లీడర్ చెదిరిన దళం ఉన్న గడిలో ఉండాలి, ర్యాలీ దశలో అతన్ని జరపడం కుదరదు. కాబట్టి ర్యాలీకి ఏర్పాటు ముందు టర్న్ చివరే జరగాలి.

టర్న్ చివరి దశల వరస గుర్తుంచుకోండి: చెదిరిన దళాలు పారిపోయే రౌట్ దశ, ఆ తర్వాత ఒక గడి ముందుకి జరిగే అడ్వాన్స్ దశ, చివర్న దగ్గరి పోరు. మీ టర్న్‌లో స్క్వాడ్ ఏ భవనంలోకి పారిపోయిందో చూశాక, పక్క గడిలో ఉన్న లీడర్‌ని అడ్వాన్స్‌లో అదే గడికి పంపండి. వెంటనే వచ్చే ఎదుటివాళ్ల టర్న్ ర్యాలీతోనే మొదలవుతుంది, లీడర్ అక్కడ సిద్ధంగా ఉంటాడు.

ఎదుటివాళ్ల టర్న్‌లో మీకు అడ్వాన్స్ లేదు. అందుకే ముందు వరస వెనక, స్క్వాడ్‌లు పారిపోయి చేరే అవకాశం ఉన్న భవనంలో ముందే ఒక లీడర్‌ని ఉంచండి. ఉన్న లీడర్లందర్నీ మెషిన్ గన్ల దగ్గర పెడితే వెనక ఎవరూ మిగలరు. మంచి లీడర్‌ని వెనక ఉంచడానికి మనసొప్పదు, నిజమే. ఆ పనికి మామూలు లీడర్ అయినా సరిపోతాడు.

సమస్య: లీడర్ అసలే లేడు

మీ సొంత టర్న్‌లో మొట్టమొదటి ర్యాలీ ప్రయత్నంగా ఒక్క స్క్వాడ్‌ని లీడర్ లేకుండానే ప్రయత్నించవచ్చు, +1 కలపాలి. కొన్ని మెరుగైన స్క్వాడ్‌లకి వెనక మొరేల్ సంఖ్య చుట్టూ చదరం గీసి ఉంటుంది. వాటికి ఎప్పుడూ సొంతంగా ర్యాలీ అయ్యే హక్కు ఉంటుంది. చెదిరిన లీడర్ కూడా తనంతట తాను ప్రయత్నించవచ్చు, కానీ తన బోనస్ తనకి వర్తించదు. ముందు అతన్ని తేల్చుకుని, ఆ తర్వాతే మిగతావాళ్ల జోలికి వెళ్లండి.

సమస్య: “ఇది నా టర్న్, నువ్వెందుకు ర్యాలీ చేస్తున్నావు?”

ప్రతి ర్యాలీ దశలో ఇద్దరు ఆటగాళ్లూ ర్యాలీ చేస్తారు. టర్న్ ఎవరిదో వాళ్లు ముందు, ఎదుటివాళ్లు తర్వాత. ఒక్కో దళానికి దశకి ఒక్కటే ప్రయత్నం, కానీ ఒకే లీడర్ తన గడిలో ఉన్న అన్ని దళాలకీ సాయం చేయవచ్చు.

సమస్య: ర్యాలీ చేయబోతే స్క్వాడ్ సగమైంది

సవరణలకి ముందే పాచికల మీద 12 పడితే స్క్వాడ్ సగం స్క్వాడ్‌గా మారుతుంది, సగం స్క్వాడ్ అయితే పోతుంది. ఇది 36లో ఒకసారి. డీఎం ఉన్న సగం స్క్వాడ్‌కి, మొరేల్ 7 అయితే, గెలుపు 36లో మూడు సార్లు, పోగొట్టుకునేది ఒకసారి. ర్యాలీ ప్రయత్నం తప్పనిసరి కాదు. ఆ దళం వచ్చే దశలో డీఎం వదిలించుకోగలిగితే, అప్పటిదాకా పాచికలు పక్కన పెట్టండి.