గేర్ బాక్స్ దించే ముందు: ఎక్కువ తిరిగిన స్పోర్ట్స్ కార్లలో సమస్య – పరిష్కారం

లక్షన్నర కిలోమీటర్లు దాటిన బీఎండబ్ల్యూ 3 సిరీస్ వంటి బలమైన కార్లను సెకండ్ హ్యాండ్‌లో కొని నడుపుకుంటున్నవారు నెల్లూరులోనూ ఒంగోలులోనూ ఉన్నారు. 2012 తరువాత వచ్చిన ఆ కార్లలో సాధారణంగా ఉండేది జర్మనీకి చెందిన జెడ్‌ఎఫ్ సంస్థ తయారుచేసిన ఎనిమిది గేర్ల 8హెచ్‌పీ ఆటోమేటిక్ గేర్ బాక్స్. గేరు సరిగా పడటం లేదనగానే దాన్ని దించి చెన్నైకి పంపమని సలహా ఇచ్చేవారికి కొదవ లేదు. అయితే లోపం బండి చల్లగా ఉన్నప్పుడు వస్తున్నదా వేడెక్కిన తరువాత వస్తున్నదా, ఏ గేరు నుంచి ఏ గేరుకు మారేటప్పుడు వస్తున్నది, లోపల ఆయిలు ఎంత ఉంది, ఏ స్థితిలో ఉంది అన్న ప్రశ్నలకు జవాబు దొరకకుండా గేర్ బాక్స్ దించడం యజమానికి అన్యాయం చేయడమే.

ఆగబోయే ముందు కుదుపు, డి వేశాక ఆలస్యం

వేగం తగ్గుతూ మూడు నుంచి రెండుకు, రెండు నుంచి ఒకటికి దిగేటప్పుడు జర్కు వస్తున్నా, ఉదయం మొదటిసారి డి (ముందుకు) గానీ ఆర్ (వెనక్కి) గానీ వేసిన కాసేపటికి గానీ బండి కదలకపోయినా ముందుగా అనుమానించవలసింది ఆయిలునే. ఇది జీవితకాలం మార్చనవసరం లేని ఆయిలని కార్ల కంపెనీలు చెప్పిన మాటను పట్టుకుని చాలామంది దాని జోలికే పోరు. గేర్ బాక్స్ తయారుచేసిన జెడ్‌ఎఫ్ మాత్రం 80,000 నుంచి 1,20,000 కిలోమీటర్లకు లేదా ఎనిమిదేళ్లకు ఒకసారి మార్చమని సూచిస్తున్నది. మన ఎండలను చూస్తే తక్కువ అంకెనే పాటించడం మంచిది.

ఆయిలు తగ్గి ఉంటే గేర్ బాక్స్ అడుగున ఆయిలు నిలిచే ప్లాస్టిక్ పాన్ అంచునూ, వైరింగ్ కనెక్టరు దగ్గరి స్లీవునూ చూడాలి. దాని రబ్బరు రింగులు గట్టిపడి అక్కడి నుంచి ఆయిలు చెమర్చడం పాత బండ్లలో మామూలే. ఫిల్టరు పాన్‌లోనే కలిసి ఉంటుంది కాబట్టి రెండూ కలిపే మార్చాలి. పాత ఆయిలు వదలక ముందే పైనున్న ఫిల్లర్ ప్లగ్ ఊడుతుందో లేదో చూసుకోవాలి. అది బిగుసుకుపోయి ఉంటే, ఖాళీ గేర్ బాక్స్‌తో బండి ర్యాంపు మీదనే ఉండిపోతుంది. కొత్త ఆయిలు జెడ్‌ఎఫ్ వారి లైఫ్‌గార్డ్ 8 గానీ దానికి సరితూగేది గానీ కావాలి. అంగట్లో దొరికే ఏదో ఒక ఆటోమేటిక్ ఆయిలు పోయడం తప్పు.

మన జిల్లాల షెడ్లలో పని చెడేది ఎక్కువగా కొలత దగ్గరే. ఈ గేర్ బాక్స్‌కు డిప్‌స్టిక్ ఉండదు. ఇంజను నడుస్తుండగా గేర్లన్నీ ఒక్కొక్కటిగా వేసి, స్కానర్‌లో (బండి కంప్యూటరుకు తగిలించి చూసే పరికరం) ఆయిలు వేడి 30 నుంచి 50 డిగ్రీల మధ్య ఉన్నప్పుడు, ఫిల్లర్ రంధ్రం నుంచి సన్నగా పొర్లేవరకు పోయాలి. మే నెల మధ్యాహ్నం నెల్లూరులో రేకుల షెడ్డు కింద నిలిపిన బండిలో ఆయిలు స్టార్టు చేయక ముందే 40 దాటి ఉంటుంది, పని ముగిసేలోపు 50 దాటిపోతుంది. వేడికి వ్యాకోచించిన ఆయిలు తొందరగా పొర్లిపోవడంతో గేర్ బాక్స్ నిండిందని అనుకుంటారు గానీ, నిజానికి తక్కువే ఉంటుంది. వేసవిలో ఈ పనిని తెల్లవారుజామున, రాత్రంతా చల్లారిన బండికి మాత్రమే చేయాలి. ఆ తరువాత స్కానర్‌తో పాత అడాప్టేషన్ విలువలను (గేర్లు వేయడానికి గేర్ బాక్స్ తనకు తాను నేర్చుకున్న సర్దుబాట్లు) తుడిచివేసి, యాక్సిలరేటరు మెత్తగా నొక్కుతూ అన్ని గేర్లూ పడేలా కొంతదూరం నడిపితే గేర్ బాక్స్ కొత్త విలువలను నేర్చుకుంటుంది.

హైవే మీద సన్నని వణుకు

జాతీయ రహదారి మీద కావలి వైపు 60 నుంచి 80 కిలోమీటర్ల వేగంతో, యాక్సిలరేటరు కొద్దిగా నొక్కి పోతున్నప్పుడు రంబుల్ స్ట్రిప్పుల మీద పోతున్నట్లు బండి వణికితే రెండు కారణాలలో ఒకటి ఉండవచ్చు: ఇంజను శక్తిని ఆయిలు ద్వారా గేర్ బాక్స్‌కు అందించే టార్క్ కన్వర్టర్‌లో, రెంటినీ నేరుగా కలిపి పట్టుకునే లాకప్ క్లచ్ జారడం, లేదా ఇంజనులో ఒక సిలిండరు మిస్ కావడం. స్కానర్‌లో కన్వర్టర్ స్లిప్‌నూ (జారుడు లెక్క) మిస్‌ఫైర్ లెక్కనూ పక్కపక్కన పెట్టి నడిపితే నిజం తేలుతుంది. వణుకు వచ్చినప్పుడే స్లిప్ ఊగుతుంటే తప్పు కన్వర్టర్‌ది. స్లిప్ నిలకడగా ఉండి మిస్‌ఫైర్ పెరుగుతుంటే, పెట్రోలు బండి అయితే స్పార్క్ ప్లగ్గులు, కాయిల్స్ మార్చితే సరిపోతుంది. కన్వర్టర్ లోపం తొలిదశలో ఉంటే కొత్త ఆయిలుతో తగ్గవచ్చు. తగ్గకపోతే కన్వర్టర్‌ను కోసి లాకప్ లైనింగ్ మార్చి, బ్యాలెన్సు చేయించాలి.

వేడెక్కాక ఆర్‌పీఎం లేచిపోవడం

గిద్దలూరు నుంచి నంద్యాల వెళ్లే నల్లమల ఘాట్ ఎక్కిన తరువాత, గేరు మారే మధ్యలో ఆర్‌పీఎం ఒక్కసారి పైకి లేచి ఆ తరువాత గేరు పడుతుంటే, వేడికి పలుచబడిన ఆయిలు ఏదో సీలు దగ్గర ఒత్తిడి కోల్పోతున్నదని, లేదా క్లచ్ ప్లేట్లు అరిగాయని అర్థం. పాన్ విప్పి అయస్కాంతాలు చూడాలి. వాటి మీద సన్నని బూడిదరంగు ముద్ద ఉండటం సహజం. మెరిసే లోహపు పలుకులు, మాడిన వాసన, నల్లటి ఆయిలు కనిపిస్తే మాత్రం ప్లేట్లు పోయినట్లే. అటువంటి గేర్ బాక్స్‌కు ఆయిలు మార్చినా ప్రయోజనం ఉండదు. ఆయిలు మార్చాకనే చెడిపోయిందని అనేవారి బండ్లలో చాలావరకు అప్పటికే ప్లేట్లు కాలి ఉంటాయి.

ఒకే గేరులో ఉండిపోవడం

తెర మీద హెచ్చరిక వచ్చి బండి ఒకే గేరులో నిలిచిపోతే ముందు బ్యాటరీ కొలవాలి. ఆపి ఉన్నప్పుడు 12.4 వోల్టులకు తక్కువైనా, నడుస్తున్నప్పుడు 13.5 కంటే తక్కువైనా, స్కానర్‌లో సంబంధం లేని లోపాల కోడ్‌లు గుంపుగా వచ్చినా, మెకాట్రానిక్స్‌ను (గేర్ బాక్స్ లోపలి కంప్యూటరు, వాల్వుల భాగం) నిందించే ముందు బ్యాటరీ, ఛార్జింగు సంగతి చూడాలి.

ఆయిలు పాలరంగులోకి మారడం

2021 నవంబరులో పెన్నకు వచ్చిన వరదను చూసినవారు సెకండ్ హ్యాండ్ బండి కొనేటప్పుడు దీన్ని మరచిపోకూడదు. ఆయిలు పాలరంగులో ఉంటే అందులో నీరు కలిసినట్లు. మునిగిన బండిలో బ్రీదర్ (గేర్ బాక్స్‌కు గాలి ఆడే రంధ్రం) ద్వారా నీరు లోపలికి పోవచ్చు. కూలెంటు కూడా తగ్గుతుంటే ఆయిల్ కూలరు లోపల పగిలి ఉండవచ్చు. నీరు క్లచ్ లైనింగును అంటించిన జిగురును వదులు చేస్తుంది కాబట్టి అటువంటి బండిని నడపకుండా లారీ మీదనే షెడ్డుకు చేర్చాలి. ఎక్కువ దూరం నడిచి ఉంటే గేర్ బాక్స్ విప్పక తప్పదు. విప్పినప్పుడు ప్లేట్లు, సీళ్లు, కన్వర్టర్ కలిపే చేయించి, కూలరు పగిలి ఉంటే మార్చి, లేకుంటే కూలరునూ దాని పైపులనూ పూర్తిగా కడిగించాలి. లేకపోతే వాటిలో మిగిలిన చెత్త కొత్తగా కూర్చిన గేర్ బాక్స్‌లోకే చేరుతుంది.