స్లీవ్ ఆపరేషన్‌కు ముందు జాగ్రత్తలు

బరువు తగ్గడానికి చేసే స్లీవ్ గ్యాస్ట్రెక్టమీ ఆపరేషన్‌లో పొట్ట సంచిని ముప్పావు వంతుకు పైగా కోసి తీసేస్తారు. మిగిలేది అరటికాయ ఆకారంలో సన్నటి గొట్టం. తీసిన భాగాన్ని మళ్ళీ అతికించలేరు కాబట్టి తేదీ ఖాయం చేసుకునే ముందే ఇవి చూసుకోండి.

• ఎండోస్కోపీ (నోటిలోంచి కెమెరా గొట్టం వేసి పొట్ట లోపల చూసే పరీక్ష) చేయించుకోండి. ఛాతీలో మంట, పులితేన్పులు ఉంటే దాచవద్దు. స్లీవ్‌తో అవి పెరగవచ్చు, అలాంటివారికి గ్యాస్ట్రిక్ బైపాస్ (పొట్టను చిన్న సంచిగా చేసి నేరుగా చిన్నపేగుకు కలిపే ఆపరేషన్) మేలు కావచ్చు.

• ఆపరేషన్‌కు ముందు చివరి రెండు వారాల డైట్ అన్నిటికన్నా ముఖ్యం, దాంతో కాలేయం కాస్త చిన్నదవుతుంది. సాధారణంగా రోజుకు 800–1000 కేలరీలే ఇస్తారు, అన్నం దాదాపు ఉండదు. కాలేయం ఎడమ భాగం పొట్ట మీదే వాలి ఉంటుంది. అది కొవ్వుతో ఉబ్బితే ఆపరేషన్ కెమెరాకు పొట్ట పైభాగం సరిగా కనపడదు, పక్కకు ఎత్తేటప్పుడు కాలేయం చిట్లి రక్తం కారవచ్చు. ఆ రెండు వారాల్లో సంక్రాంతి పడితే తేదీ మార్చుకోండి. ఇంటినిండా అరిసెలు పెట్టుకుని నోరు కట్టుకోవడం ఎవరికైనా కష్టమే.

• షుగర్ మందుల మోతాదు డైట్‌కు ముందే మార్పించుకోండి. ఇన్సులిన్ అలాగే వేసుకుంటే షుగర్ పడిపోతుంది. డపాగ్లిఫ్లోజిన్ అనే షుగర్ మాత్రను ఆపరేషన్‌కు కనీసం 3 రోజుల ముందు ఆపిస్తారు. లేకపోతే షుగర్ మామూలుగా ఉన్నా రక్తంలో ఆమ్లం పెరగవచ్చు.

• చుట్ట, సిగరెట్ కనీసం 6 వారాల ముందు మానాలి.

• బి12, డి విటమిన్, ఐరన్ పరీక్షలు చేయించాలి.

• గోదావరి లంక ఊళ్ళవాళ్ళు జులై, ఆగస్టు వరదల్లో ఆపరేషన్ పెట్టుకోవద్దు. ఆపరేషన్ తర్వాత పొట్ట కుట్టు దగ్గర లీకైతే గుండె దడ, జ్వరం, ఎడమ భుజం నొప్పి రావచ్చు. అప్పుడు పడవ కోసం రేవులో ఎదురుచూసే వ్యవధి ఉండదు. మొదటి రెండు వారాలు రాజమండ్రి, కాకినాడ లాంటి చోట ఆసుపత్రికి దగ్గర్లోనే ఉండండి.